యో రాజు ఎలా పడిపోయాడు: రాణి నవ్వు కథ, దాని వెనకున్న వారసత్వ తగాదా

క్లుప్తంగా: క్రీ.పూ. 781 నుంచి 771 వరకు పాలించిన యో రాజుతో చైనాలోని పశ్చిమ జౌ రాజ్యం ముగిసింది. రాణిని నవ్వించబోయి సామంతుల నమ్మకం పోగొట్టుకున్నాడన్నది లోకమంతా తెలిసిన కథ. పాత గ్రంథాలనూ, వెదురు బద్దల రాతనూ, కంచు పాత్రల మీది శాసనాలనూ కలిపి చదివితే కథ మారిపోతుంది. యువరాజును వెళ్లగొట్టడంతో మొదలైన గొడవ, పడమటి సరిహద్దులో ఉన్న పిల్లనిచ్చిన మామనే శత్రువును చేసింది. అప్పటికే భూములూ సైన్యమూ తరిగిపోయిన రాజ్యం ఆ దెబ్బకు నిలవలేదు.

మంటల కథ ఎప్పటిది?

చైనా కథల్లో బావో సి నవ్వని రాణి. ఆమెను నవ్వించడానికి యో రాజు చేయని ప్రయత్నం లేదట. చివరికి, శత్రువు మీదికొచ్చినప్పుడు మాత్రమే వెలిగించాల్సిన సంకేత మంటలను ఊరికే వెలిగించాడట. సామంతులు సేనలతో ఉరుకులు పరుగుల మీద వచ్చి, శత్రువు జాడ లేక తెల్లమొహాలు వేస్తే ఆమె పకపకా నవ్విందట. రాజుకు ఆ నవ్వు రుచి మరిగింది. అదే పని మళ్లీ మళ్లీ చేశాడు. నిజంగా శత్రువు వచ్చిన రోజున మంటలు చూసి కూడా ఎవరూ కదల్లేదు. 'నాన్నా, పులి' కథకు కిరీటం తొడిగినట్టు ఉంటుంది.

ఈ రూపంలో కథ మనకు అందింది సిమా చియాన్ రాసిన 'షిజి' అనే చరిత్ర గ్రంథం నుంచి. అది క్రీ.పూ. 1వ శతాబ్దం తొలినాళ్లది. అంటే సంఘటన జరిగిన దాదాపు 680 ఏళ్ల తర్వాతి రచన. అంతకు సుమారు 150 ఏళ్ల ముందు, చిన్ రాజ్యపు మంత్రి ల్యూ బువెయ్ పండితులతో కూర్పించిన సంకలనంలోనూ ఈ కథ ఉంది. అందులో మంటల్లేవు, నగారాలున్నాయి. ఎత్తయిన చోట పెద్ద నగారా పెట్టి, శత్రువు వస్తే మోగించాలన్న ఒప్పందం ఉంటుంది. రాజు దాన్ని ఉత్తుత్తినే మోగిస్తాడు. తర్వాతి కథ అంతా ఒకటే.

నగారా మంటగా ఎప్పుడు మారిందో ఊహించడం కష్టం కాదు. సిమా చియాన్ కాలానికి హాన్ సామ్రాజ్యం వాయవ్య సరిహద్దు పొడవునా సంకేత మంటల బురుజులు కట్టించింది. ఏ దాడికి ఎన్ని మంటలు వెలిగించాలో నిర్ణయించే నిబంధనలు రాసిన చెక్క పలకలు ఎడారి కోటల్లో దొరికాయి కూడా. తమ కళ్లముందున్న ఏర్పాటునే 7 శతాబ్దాల వెనక్కి తీసుకెళ్లి పాత కథలో పెట్టారన్న అనుమానం బలమైనదే. నేడు షియాన్ నగరం దగ్గర లీషాన్ కొండ మీద పర్యాటకులకు చూపించే బురుజు ఆధునిక కాలంలో కట్టింది.

అలాగని బావో సి కల్పిత పాత్ర కాదు. చైనా ప్రాచీన గీతాల సంకలనంలో ఒక పాట, మహా వైభవంతో వెలిగిన జౌ రాజధానిని బావో సి నాశనం చేసిందని సూటిగా అంటుంది. నింద చాలా పాతదే. అయితే ఆ నింద ఒక అచ్చులో పోసినట్టు వస్తుంది. షియా వంశపు చివరి రాజు పక్కన మో షి, షాంగ్ వంశపు చివరి రాజు పక్కన దా జి, ఇక్కడ బావో సి. మూడు వంశాలూ స్త్రీ వల్లే కూలాయని చెప్పే చరిత్రలో రాజ్యాల లెక్కలు, సైన్యాల లెక్కలు వెతికినా కనబడవు.

వెదురు బద్దల్లో వేరే వరస

2008లో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి సుమారు 2,500 వెదురు బద్దలు విరాళంగా అందాయి. దొంగ తవ్వకాల్లో బయటపడి, హాంకాంగ్ పురావస్తువుల బజారు దాకా వెళ్లిన సరుకు అది. ఏ సమాధిలో దొరికాయో తెలియకపోవడం పెద్ద లోటే. కార్బన్ పరీక్ష మాత్రం వాటిని క్రీ.పూ. 300 ప్రాంతానికి చేర్చింది. వాటిలో 138 బద్దల మీద 23 అధ్యాయాలుగా ఉన్న ఒక చరిత్ర ఉంది. దాన్ని 2011లో ప్రచురించారు. ఇందులో యో రాజు కథ కొద్ది వాక్యాల్లో, ఏ అలంకారమూ లేకుండా సాగుతుంది.

రాజు పశ్చిమ షెన్ రాజ్యం నుంచి రాణిని తెచ్చుకున్నాడు. ఆమెకు పుట్టినవాడు యీజ్యూ, తర్వాతి కాలపు పింగ్ రాజు. రాజు బావో రాజ్యపు స్త్రీనీ తెచ్చుకున్నాడు. ఆమెకు బోపాన్ పుట్టాడు ('షిజి'లో ఇతని పేరు బోఫు). రాజు, బోపాన్ కలిసి యీజ్యూను వెళ్లగొట్టారు. అతడు తల్లి పుట్టిల్లయిన షెన్‌కు పారిపోయాడు. రాజు సేనతో వెళ్లి షెన్‌ను ముట్టడించాడు. షెన్ ప్రజలు యువరాజును అప్పగించలేదు. వారికి తోడైన మరో చిన్న రాజ్యం పడమటి రోంగ్ తెగలతో చేతులు కలిపి రాజు మీద పడింది. యో రాజు, బోపాన్ ఇద్దరూ చనిపోయారు.

మంటల ఊసు లేదు. నవ్వు లేదు. అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. 'షిజి'లో షెన్ అధిపతి కోపంతో దండెత్తి వస్తాడు. వెదురు బద్దల్లో ముందు దండెత్తింది రాజే. రాజ్యాల సంభాషణలను నమోదు చేసిన మరో పాత గ్రంథంలో ఒక ఆస్థాన లేఖకుడు ముందుగానే ఇదే వరసను చెబుతాడు: రాజు యువరాజును చంపాలనుకుంటే షెన్‌ను అడగాలి, వాళ్లు ఇవ్వరు, రాజు దండెత్తుతాడు, అప్పుడు రోంగ్‌లు కలిసి రాజు మీదికి వస్తారు అని. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల ఒకే క్రమం కనబడుతోంది కాబట్టి, నగారాలూ మంటల కంటే దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి. వెదురు రాత కూడా సంఘటనకు 400 ఏళ్లకు పైగా తర్వాతిదే అన్నది మరవకూడదు.

షెన్‌తో తెగితే ఏం పోతుంది?

రాణిని పక్కన పెట్టి మరొకరి కొడుక్కి పట్టం కట్టాలనుకోవడం అంతఃపుర వ్యవహారంలా కనిపిస్తుంది. జౌ రాజ్యంలో అది రక్షణ వ్యవహారం కూడా. జౌ రాజుల వంశనామం జి. వాళ్లకు తరతరాలుగా పిల్లనిచ్చే వంశం జియాంగ్. షాంగ్‌ను ఓడించి జౌ గద్దెనెక్కిన క్రీ.పూ. 11వ శతాబ్దం నుంచీ ఈ వియ్యం సాగుతోంది. షెన్ అధిపతులు జియాంగ్ వంశం వారే. పడమట తెగల ప్రాంతానికి, వెయ్ నది లోయలోని రాజధానికి మధ్యన ఉన్నవాళ్లు, రోంగ్ తెగలతో చుట్టరికాలు కూడా నెరపినవాళ్లు. వాళ్లతో స్నేహం ఉన్నంతకాలం తెగలతో మాట్లాడే మనిషి రాజుకు ఉన్నట్టే. ఆ స్నేహం చెడితే అదే మనిషి తెగలను రాజధానికి తీసుకొచ్చే దారి చూపుతాడు. అదే జరిగింది.

రాజధాని ఉన్న చోటు కూడా ప్రమాదకరమైనదే. ఇప్పటి షియాన్‌కు ఆనుకుని ఉండిన హావోజింగ్‌కు తూర్పున కొండలు, కనుమలు. అటువైపు నుంచి వచ్చే శత్రువును ఆపడం సులువు. వాయవ్యం నుంచి జింగ్ నది లోయ వెంట దిగితే మాత్రం దారి నేరుగా రాజధాని ముంగిటకే వస్తుంది. యో రాజుకు ముందు తరాల్లో షియెన్‌యున్ తెగలు ఆ దారినే వచ్చాయి. దువో యో అనే సేనాని వాళ్లను తరిమికొట్టి పోయించిన కంచు పాత్ర మీద, ఒక్క పోరులోనే 117 రథాలు పట్టుకున్నట్టు రాసి ఉంది. వచ్చింది గుర్రాల మీద దోచుకుపోయే చిల్లర ముఠా కాదన్నమాట. రథబలం ఉన్న సైన్యం అది.

భూమి చేతులు మారిన తీరు

రాజ్యం ఒక్క దెబ్బకు ఎందుకు కూలిందో తెలియాలంటే ముందు తరాల లెక్క చూడాలి. జౌ రాజులు గెలిచిన తూర్పు భూములను తమ్ముళ్లకు, కొడుకులకు, మిత్రులకు పంచి సామంత రాజ్యాలుగా నిలిపారు. లు, జిన్, యెన్, వే వంటివన్నీ రాచకుటుంబపు శాఖలే. రాజు చెప్పుచేతల్లో నేరుగా ఉండేది వెయ్ లోయ, తూర్పున లువోయాంగ్ చుట్టుపట్ల కొంత నేల. సేనకు, ఆస్థానానికి, యజ్ఞయాగాలకు పంట అక్కడినుంచే రావాలి.

తొలి తరంలో తమ్ముడైనవాడు నాలుగైదు తరాలు గడిచేసరికి దూరపు జ్ఞాతి అవుతాడు. అప్పుడు విధేయతను నిలబెట్టుకోవాలంటే ఏదో ఒకటి ఇవ్వాలి. జయించి పంచడానికి కొత్త నేల ఉన్నంతవరకు ఇది నడిచింది. క్రీ.పూ. 957 ప్రాంతంలో జావో రాజు దక్షిణాన చూ రాజ్యం మీద దండెత్తి హాన్ నది దగ్గర సేనలతో సహా నశించాక కొత్త నేల దొరకడం ఆగిపోయింది. అప్పటినుంచి బహుమతులన్నీ రాజు సొంత నేల నుంచే వెళ్లాయి. షాంఘై మ్యూజియంలో ఉన్న ఒక పెద్ద కంచు పాత్ర మీది శాసనంలో, రాజు క అనే అధికారికి ఏడు చోట్ల భూములు ఇచ్చినట్టు ఉంది. అదీ వెయ్ లోయ భూమే.

ఇచ్చిన భూమి ఇచ్చిన చోట ఉండలేదు. 1975లో చీషాన్ జిల్లాలోని దోంగ్‌జియా గ్రామంలో దొరికిన 37 కంచు వస్తువుల్లో కొన్ని చ్యూ వెయ్ అనే వ్యక్తివి. రాజుగారి కొలువులో తోళ్ల వ్యవహారం చూసే ఉద్యోగి అతడు. పుట్టుకతో పెద్ద కుటుంబీకుడేమీ కాదు. రాజసభకు హాజరు కావడానికి జ్యూ అనే ప్రభువుకు ఒక పచ్చరాతి దండం కావాల్సి వచ్చింది. దాని వెల 80 జతల గవ్వల దండలు. ప్రభువు చేతిలో అంత లేదు. బదులుగా 10 పొలాలు చ్యూ వెయ్‌కు రాసిచ్చాడు. పై అధికారులు వచ్చి హద్దులు చూసి ఖాయం చేశారు. ఆస్థానంలో పరువు నిలుపుకోవడానికి ప్రభువులు పొలాలు అమ్ముకునే స్థితి, తోళ్ల ఉద్యోగి భూస్వామి అయ్యే స్థితి యో రాజు పుట్టడానికి శతాబ్దం ముందే వచ్చేసిందన్నది ఈ లావాదేవీ వల్ల తెలుస్తుంది. లోయలో పెద్ద కుటుంబాలు పెరిగాయి. వాటి మధ్యన రాజు ఒకానొక పెద్ద కుటుంబంగా మిగిలాడు.

యో రాజు తాత లీ రాజు దీన్ని తిప్పికొట్టి ఆదాయం మళ్లీ తన చేతికి తెచ్చుకోబోయాడు. రాజధాని ప్రజలు తిరగబడి క్రీ.పూ. 841 ప్రాంతంలో అతణ్ని వెళ్లగొట్టారు. చైనా చరిత్రలో ఏటికేడు లెక్క తప్పకుండా దొరకడం క్రీ.పూ. 841 నుంచే మొదలవుతుంది. యో రాజు తండ్రి షువాన్ రాజు 46 ఏళ్లు పాలించి కొంత నిలబెట్టాడు. ఉత్తరాన షియెన్‌యున్‌ను, దక్షిణాన హువాయ్ తెగలను అదుపు చేశాడు. అయితే క్రీ.పూ. 789లో జియాంగ్ రోంగ్‌ల చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. అంతకు ముందు అతడు చేసిన మరో పని, కొడుకు చేసిన తప్పుకు నమూనా లాంటిది. లు రాజ్యంలో పెద్ద కొడుకును కాదని చిన్న కొడుకును వారసుడిగా ఉంచాలని పట్టుబట్టాడు. మంత్రి వద్దని మొత్తుకున్నాడు. కొన్నేళ్లకు లు ప్రజలు ఆ చిన్న కొడుకును చంపి అన్న సంతానాన్ని గద్దెనెక్కించారు. క్రీ.పూ. 796లో రాజు లు మీద దండెత్తి తన మాట నెగ్గించుకున్నాడు. సామంతుల మనసు విరిగింది అక్కడే అని పాత గ్రంథం తీర్పు. పెద్ద రాణి పెద్ద కొడుకే వారసుడన్న నియమం మీద ఆ వ్యవస్థ అంతా నిలిచి ఉంది. దాన్ని తండ్రి పరాయి ఇంట్లో విరిచాడు, కొడుకు తన ఇంట్లోనే విరిచాడు.

భూకంపం, ముందే సర్దుకున్న పెద్దలు

యో రాజు పాలన రెండో ఏడు, క్రీ.పూ. 780లో, వెయ్ లోయను భూకంపం కుదిపింది. జింగ్, వెయ్, లువో నదుల నీరు ఇంకిపోయిందని, జౌ వంశీకులు పవిత్రంగా చూసే చీ కొండ చరియలు విరిగిపడ్డాయని రాతల్లో ఉంది. బో యాంగ్‌ఫు అనే పండితుడు పదేళ్లలో రాజ్యం పోతుందని చెప్పాడట. లెక్క అంత కచ్చితంగా కుదిరిందంటే, జోస్యం పతనం తర్వాత రాసిందే అయి ఉండాలి. కంపం మాత్రం నిజమే కావచ్చు. ఆదాయమంతా ఒకే లోయ నుంచి వచ్చే రాజుకు ఆ లోయలోనే నీటి కరువు వస్తే ఏమవుతుందన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇదే కాలానిదని చెప్పే మరో ప్రాచీన గీతంలో సూర్యగ్రహణం, నదులు పొంగడం, కొండలు కూలడం వస్తాయి. ఆ గ్రహణం క్రీ.పూ. 776 నాటిదని కొందరు, 735 నాటిదని మరికొందరు లెక్కగట్టారు. రెండోది నిజమైతే పాట యో రాజు గురించి కాదు. మొదటిదే అనుకుంటే అందులోని ఒక ఫిర్యాదు చాలా విలువైనది. హువాంగ్‌ఫు అనే మంత్రి తూర్పున షియాంగ్ అనే చోట కొత్త నగరం కట్టుకున్నాడు. బళ్లూ గుర్రాలూ ఉన్నవాళ్లందరినీ ఎంచుకుని వెంట తీసుకుపోయాడు. రాజుకు కాపుగా ఒక్క ముసలి పెద్దనైనా మిగల్చలేదని కవి బాధ.

రాజుగారి బాబాయి, జెంగ్ అధిపతి హువాన్ సంగతి మరింత స్పష్టం. క్రీ.పూ. 774లో ఆస్థాన మంత్రి అయిన అతడు, రాజ్యం నిలవదేమో, ఎక్కడికి పోతే ప్రాణాలు దక్కుతాయని లేఖకుణ్ని అడుగుతాడు. తూర్పుకు పొమ్మని సలహా వస్తుంది. ఆస్తినీ మనుషులనూ తూర్పుకు తరలించాడు. తాను మాత్రం రాజుతోపాటే చనిపోయాడు. ఆ తరలింపు వల్లే జెంగ్ రాజ్యం తర్వాతి శతాబ్దంలో ఒక బలమైన శక్తిగా లేచింది.

పడమటి లోయలో ఉండిపోయినవాళ్ల ఆనవాళ్లు నేలలో ఉన్నాయి. 1976లో జువాంగ్‌బాయ్ గ్రామంలో ఒకే గోతిలో 103 కంచు వస్తువులు, 2003లో మెయ్ జిల్లాలో మరో గోతిలో 27 బయటపడ్డాయి. పూర్వీకుల పూజకు వాడే పాత్రలు అవి. ఎవరూ ఊరికే పాతిపెట్టరు. మళ్లీ తిరిగొచ్చి తవ్వుకుందామనుకుని దాచి పారిపోయిన కుటుంబాలవి అన్నది ఎక్కువమంది పురావస్తు పరిశోధకులు చెప్పే మాట.

సామంతులు నిజంగా రాలేదా?

మంటల కథ ఒక ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ప్రశ్న సరైనదే: అంతమంది సామంతులుండగా రాజు ఎలా చనిపోయాడు?

మొదటి జవాబు దూరం. హావోజింగ్ నుంచి లువోయాంగ్‌కే 300 కిలోమీటర్లకు పైగా, మధ్యలో కనుమలు. లు రాజధాని చ్యూఫు 700 కిలోమీటర్లు దాటి ఉంటుంది. రథాలతో, కాల్బలంతో ఆ దూరాలు దాటాలంటే వారాలు పడుతుంది. మంట వెలగగానే సామంతులు రాణి కళ్లముందు వాలిపోయే దృశ్యం ఈ భూగోళంలో కుదరదు.

రెండోది, 'ఎవరూ రాలేదు' అన్నదే సగం నిజం. అదే 'షిజి' మరో అధ్యాయంలో, చిన్ అధిపతి షియాంగ్ సేనతో వచ్చి జౌ కోసం గట్టిగా పోరాడాడని చెబుతుంది. వే అధిపతి వు కూడా సేన తెచ్చి రోంగ్‌లను అణచడంలో సాయపడ్డాడని ఇంకొక అధ్యాయంలో ఉంది. సిమా చియాన్ రాజుల అధ్యాయంలో ఒక మాట, రాజ్యాల అధ్యాయాల్లో ఇంకో మాట రాశాడు. చదివేవాళ్లు మొదటిదే గుర్తుపెట్టుకున్నారు.

మూడోది అసలైనది. దూరం నుంచి చూసే సామంతుడికి ఇది పరాయి దాడిలా కనబడలేదు. ఒక వైపు రాజు, చిన్న కొడుకు. మరో వైపు నియమం ప్రకారం వారసుడైన పెద్ద కొడుకు, అతని తాత. ఎవరి పక్షాన కత్తి దూసినా రాచకుటుంబంలో ఒకరి మీద దూసినట్టే. పైగా న్యాయం పెద్ద కొడుకు వైపే ఉందని చాలామందికి అనిపించి ఉంటుంది. తర్వాత సామంతుల్లో పలువురు పింగ్ పక్షాన చేరడం చూస్తే ఆ ఊహ బలపడుతుంది. వచ్చినవాళ్లు కూడా రాజు బతికి ఉండగా కాక, ఎవరు గెలిచారో తేలాకే ఎక్కువగా వచ్చినట్టున్నారు.

ఇద్దరు రాజులు, ఒక తరలింపు

పాఠ్యపుస్తకాల్లో క్రీ.పూ. 771లో యో రాజు మరణం, 770లో పింగ్ రాజు లువోయాంగ్‌కు తరలింపు వెంటవెంటనే వస్తాయి. మధ్యలో జరిగింది అంత సాఫీగా లేదు. ఆస్థానంలో ఒక వర్గం యో రాజు తమ్ముడు యూచెన్‌ను గువో అనే చోట రాజుగా నిలిపింది. మరో వర్గం షెన్‌లో ఉన్న పింగ్‌ను నిలిపింది. తండ్రి చావుకు కారణమైనవాళ్ల నీడలో ఉన్న కొడుకును ఒప్పుకోని వాళ్లు ఉండటంలో వింత లేదు. వెదురు బద్దల ప్రకారం 21 ఏళ్లకు జిన్ అధిపతి వెన్, యూచెన్‌ను చంపాడు. తర్వాత జౌకు 9 ఏళ్లు రాజే లేడని, సామంతులు కొలువుకు రావడం మానేశారని కూడా అక్కడ ఉంది. ఈ ఏళ్లను ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్న దాన్నిబట్టి తరలింపు 770లోనా, ఇంకా 30 ఏళ్లకు పైగా ఆలస్యంగానా అన్నది ఇప్పటికీ చర్చలోనే ఉంది.

తేదీ ఏదైనా, ఫలితం ఒకటే. రాజు కిరీటం సామంతుల దయ మీద నిలిచింది, సామంతులు దానికి ధర తీసుకున్నారు. యూచెన్‌ను తొలగించిన జిన్ ఫెన్ నది లోయలో విస్తరించింది. జెంగ్ తూర్పున ఇద్దరు పొరుగువాళ్ల భూములు మింగింది. క్రీ.పూ. 707లో జెంగ్ మీద దండెత్తిన, హువాన్ అనే పేరే ఉన్న జౌ రాజు భుజంలో జెంగ్ సేనాని వేసిన బాణం దిగింది. ఆ సేనానికి శిక్ష పడలేదు. ఆ తర్వాత ఏ జౌ రాజూ పెద్ద సామంతుడి మీద సొంతంగా దండెత్తే సాహసం చేయలేదు.

అన్నిటికంటే ఎక్కువ లాభం పొందింది చిన్. పింగ్ రాజు దాని అధిపతికి చీ కొండకు పడమర నేలంతా ఇచ్చాడు. ఒక్కటే షరతు: రోంగ్‌లను తరిమి తీసుకోవాలి. రాజు చేతిలో లేని భూమిని రాజు దానం చేశాడు. షియాంగ్ ఆ యుద్ధంలోనే క్రీ.పూ. 766లో చనిపోయాడు. అతని వారసులు తరాలపాటు పోరాడి జౌ వంశపు పాత లోయనంతా స్వాధీనం చేసుకున్నారు. తూర్పు నుంచి వచ్చేవాణ్ని ఆపే ఆ కనుమలు ఇప్పుడు చిన్‌కు కోటగోడలయ్యాయి. వాయవ్య ద్వారాన్ని కాచేది కూడా తామే కావడంతో, జౌ రాజుల్లా మరొకరి విధేయత మీద ఆధారపడాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. క్రీ.పూ. 256లో లువోయాంగ్‌లో మిగిలిన చివరి జౌ రాజు నేలనూ చిన్ కలుపుకుంది. ఇంకో 35 ఏళ్లకు, క్రీ.పూ. 221లో, మిగతా రాజ్యాలన్నీ చిన్ కిందికి వచ్చాయి.